మీ టార్గెట్ పిస్టల్‌కు ఏ తూటా పడుతుంది? టెస్టు చేసి తేల్చుకునే పద్ధతి

"ఏ తూటా కొనమంటారు?" టార్గెట్ పిస్టల్ మొదలుపెట్టిన ఏడాదిలోపు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఒక పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నా పిస్టల్‌కు పడిన తూటా మీ పిస్టల్‌కు కూడా పడుతుందని ఎవరూ చెప్పలేరు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు తయారైన రెండు పిస్టళ్లకు కూడా వేర్వేరు తూటాలు నచ్చుతాయి. అందుకే పేరు బదులు, తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను. రెండు రోజులు ఓపిగ్గా చేస్తే ఆ తర్వాత ఏడాది పాటు తూటా గురించి ఆలోచించే పని ఉండదు.

ముందుగా మాటల సంగతి. ఈ వ్యాసంలో తూటా అంటే కేస్, లోపలి మందు, ముందున్న సీసపు ముక్క అన్నీ కలిపి. బుల్లెట్ అంటే బారెల్ దాటి టార్గెట్‌కు వెళ్లే ఆ సీసపు ముక్క మాత్రమే. గ్రూపు అంటే ఒకే గురితో కాల్చిన షాట్లలో ఒకదానికొకటి బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి.

ఇక్కడ ఎక్కువ భాగం .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) గురించే. పేరులో రైఫిల్ ఉన్నా ఇది పిస్టల్‌కూ వాడే చిన్న తూటా. ఎయిర్ పిస్టల్‌కు, సెంటర్‌ఫైర్‌కు (కేస్ అడుగున మధ్యలో పిన్ను తగిలితే పేలే తూటాలకు) వేరే భాగాలున్నాయి. అన్నీ ఫ్యాక్టరీలో తయారైన తూటాలే. ఇంట్లో తూటాలు నింపుకోవడం ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

## 1. ముందు తప్పెవరిదో లెక్క వేసుకోండి

టార్గెట్ మీద కనిపించే గ్రూపులో రెండు తేడాలు కలిసి ఉంటాయి. ఒకటి చేతిది, రెండోది తూటా, బారెల్ కలిసి ఇచ్చేది. ఈ రెండూ మామూలుగా కూడుకోవు. రెండింటి వర్గాలు కూడి, వర్గమూలం తీయాలి. దీని ఫలితం చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది.

25 మీటర్ల దగ్గర మీ చేతి గ్రూపు 120 మి.మీ. అనుకుందాం. 20 మి.మీ. గ్రూపు ఇచ్చే మంచి తూటా వాడితే మొత్తం దాదాపు 122 మి.మీ. అవుతుంది. 40 మి.మీ. ఇచ్చే నాసిరకం తూటా వాడినా 126 దాటి కొద్దిగా పోతుంది, అంతే. అంటే ఈ దశలో ఖరీదైన తూటా మీకు ఇచ్చేది 5 మి.మీ. లోపే.

అదే చేతి గ్రూపు 50 మి.మీ. ఉన్న షూటర్‌ను చూడండి. మంచి తూటాతో 54, నాసిరకంతో 64. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) 25 మీటర్ల ప్రిసిషన్ టార్గెట్‌లో 10 వలయం వ్యాసం 50 మి.మీ. కాబట్టి, ఆ 10 మి.మీ. తేడా స్కోరులో కనిపిస్తుంది.

ఇందులోంచి తీసుకోవాల్సింది ఇది:

- చేతి గ్రూపు 100 మి.మీ. కంటే పెద్దదైతే, ఆగకుండా పనిచేసే స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటా ఒకటి ఎంచుకుని ప్రాక్టీసు మీద దృష్టి పెట్టండి. భాగం 2, భాగం 5లోని మొదటి రెండు మెట్లు చాలు.
- 100 లోపు వస్తే పూర్తి టెస్టు చేయండి.
- ఎటూ తేలకపోతే, మీ కంటే బాగా కాల్చే షూటర్‌ను మీ పిస్టల్‌తో, మీ తూటాలతో 20 షాట్లు కాల్చమనండి. అవతలి చేతిలో గ్రూపు సగమైతే తూటాను తిట్టుకోవాల్సిన పని లేదు.

## 2. పిస్టల్ ఏం ఒప్పుకుంటుందో చూడండి

బారెల్ మీద చెక్కిన క్యాలిబర్, పెట్టె మీద రాసిన క్యాలిబర్ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. చాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటులోకి) దూరిందంటే సరిపోయినట్టు కాదు. .22 షార్ట్ కూడా .22 ఎల్‌ఆర్ చాంబర్‌లోకి దూరుతుంది, కానీ ఎల్‌ఆర్ కోసం చేసిన సెమీ ఆటోమేటిక్ పిస్టల్ దాంతో సరిగ్గా నడవదు.

తర్వాత మాన్యువల్ తీయండి. చాలా మ్యాచ్ పిస్టళ్ల మాన్యువళ్లు స్టాండర్డ్ వెలాసిటీ వాడమని, హై వెలాసిటీ వద్దని చెబుతాయి. వాటి స్ప్రింగు, స్లైడు (కాల్చినప్పుడు వెనక్కి జరిగే భాగం) మెత్తటి తూటాకు తగ్గట్టు అమర్చి ఉంటాయి. వేగం ఎక్కువున్న తూటా స్లైడును వెనక్కి గట్టిగా కొడుతుంది, భాగాలు తొందరగా అరుగుతాయి, చేతిలో కుదుపు పెరుగుతుంది.

మరో కారణం కూడా ఉంది. స్టాండర్డ్ వెలాసిటీ తూటా రైఫిల్ బారెల్‌లోనే దాదాపు 320 నుంచి 330 మీ/సె వస్తుంది, పొట్టి పిస్టల్ బారెల్‌లో ఇంకా తక్కువ. గాలిలో ధ్వని వేగం దాదాపు 340 మీ/సె. బుల్లెట్ ఈ గీతకు ఇవతలే ఉండిపోతే, ధ్వని వేగం దాటేటప్పుడు వచ్చే అలజడి దానికి తగలదు.

పోటీలకు వెళ్లేవాళ్లు నియమాలు కూడా చూసుకోవాలి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ పిస్టల్ పోటీల్లో సీసం లేదా అలాంటి మెత్తని పదార్థంతో చేసిన బుల్లెట్లకే అనుమతి. రాగి తొడుగున్నవి కుదరవు.

## 3. టెస్టుకు ఏవి ఎంచుకోవాలి

నాలుగు రకాలు చాలు. ఎనిమిది పెట్టుకుంటే రెండో రోజుకే విసుగొచ్చి సగంలో ఆపేస్తారు.

1. మీ రేంజ్‌లో ఎప్పుడూ దొరికే మామూలు స్టాండర్డ్ వెలాసిటీ రకం ఒకటి. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ ఈ కోవలోవి.
2. పిస్టల్ మ్యాచ్ అని రాసి ఉన్నవి రెండు, వేర్వేరు కంపెనీలవి. ఎలీ, ఎస్‌కే, ఆర్‌డబ్ల్యూఎస్, లాపువా అన్నీ పిస్టల్ కోసం వేరుగా తయారుచేస్తాయి.
3. ఇప్పటికే మీరు వాడుతున్నది. పోలిక లేకుండా మెరుగైందో లేదో చెప్పలేం.

నాలుగింటిలోనూ 40 గ్రెయిన్ల, అంటే దాదాపు 2.6 గ్రాముల, గుండ్రటి మూతి సీసపు బుల్లెట్టే ఉండేట్టు చూసుకోండి. బోలు మూతివి, తేలికవి, రాగి పూతవి పక్కన పెట్టండి.

పెట్టె తీసుకునేటప్పుడు పేరు కంటే ముందు లాట్ నంబర్ చూడండి. పెట్టె చివరనో, లోపలి మూత మీదో చిన్న అంకెలు ముద్రించి ఉంటాయి. ఒకే మెషిన్ మీద, ఒకే మందుతో, ఒక విడతగా తయారైన తూటాలకు ఒక నంబర్. పేరు అదే అయినా లాట్ మారితే గ్రూపు మారవచ్చు. ఎలీ తన మ్యాచ్ తూటాల పెట్టెల మీద ఆ లాట్ వేగం కూడా ముద్రిస్తుంది. మీరు టెస్టు చేస్తున్నది పేరును కాదు, ఆ నంబర్‌ను. ఒక్కో రకానికి ఒకే లాట్‌వి రెండు పెట్టెలు, అంటే 100 తూటాలు తీసుకోండి.

## 4. టెస్టుకు ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- పిస్టల్ శుభ్రం చేసి, బారెల్‌లో నూనె లేకుండా పొడిగా తుడిచి ఉంచండి. ఆ తర్వాత టెస్టు అయ్యేదాకా బారెల్ ముట్టుకోవద్దు.
- సైట్ల స్క్రూలు, గ్రిప్ స్క్రూలు, బారెల్ బిగించే స్క్రూ బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. తూటా తప్పు అనుకున్న సందర్భాల్లో చాలాసార్లు నాకు దొరికింది వదులైన స్క్రూయే.
- ఒకే మ్యాగజైన్ మొత్తం టెస్టుకు. రెండు వాడితే ఏ తేడా ఎవరిదో తెలియదు.
- ఇసుక బస్తాలు, లేదా పిస్టల్‌ను బిగించి కాల్చే మెషిన్ రెస్ట్ ఉంటే అది.
- 25 మీటర్ల టార్గెట్లు కనీసం 16. ఎలక్ట్రానిక్ టార్గెట్ అయినా సరే, కాగితం పెట్టండి. రంధ్రం ఆకారం కళ్లతో చూడాలి.
- మి.మీ. స్కేలు, లేదా వెర్నియర్ క్యాలిపర్.
- నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకుందాం అనుకుంటే జిడ్డు, సీసం అంటిన చేతులతో ఫోన్ పట్టుకోవాల్సి వస్తుంది.
- కళ్లద్దాలు, చెవి రక్షణ. రేంజ్ ఆఫీసర్‌కు టెస్టు సంగతి ముందే చెప్పండి.

వీలైతే గాలి తగలని రేంజ్‌లో చేయండి. చలికాలపు తెల్లవారుజామున చేసిన టెస్టు ఎండాకాలపు మ్యాచ్‌కు పనికిరాకపోవచ్చు. .22 బుల్లెట్ మీదున్న మైనం పూత చలికి బిగుసుకుంటుంది. మీరు పోటీ పడే వాతావరణానికి దగ్గరగా ఉన్న రోజు ఎంచుకోండి.

## 5. టెస్టు వరుస

మెట్టు 1. ఒక తూటా ఎక్కించి, కాల్చకుండా బయటికి తీయండి. ఇది రేంజ్‌లోనే, ఫైరింగ్ లైన్ మీదే, బారెల్ మూతి టార్గెట్ వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి చేయాలి. మ్యాగజైన్‌లో ఒకే తూటా పెట్టి స్లైడు మామూలుగా వదలండి. మ్యాగజైన్ తీసేసి, స్లైడు నెమ్మదిగా వెనక్కి లాగితే తూటా బయటికి వస్తుంది.

దాన్ని వెలుతురులో పట్టుకుని తిప్పి చూడండి. మూతి మీద చిన్న నొక్కు ఉంటే ఫర్వాలేదు. పక్కన సీసం గోరుతో చెక్కినట్టు లేచి మెరుస్తుంటే, పైన మైనం ఒకవైపే గీరుకుపోయి ఉంటే, ఆ బుల్లెట్ బారెల్‌లోకి వెళ్లకముందే వంకర అయిందన్నమాట. ఎంత మంచి ఫ్యాక్టరీలో పుట్టినా ఇక అది సూటిగా వెళ్లదు. వేళ్లతో మెల్లగా తాకితే బుల్లెట్ కేస్‌లో ఊగుతోందా అనేది కూడా చూడండి. అలా బయటికి తీసిన తూటాను మళ్లీ వాడకుండా రేంజ్ చెప్పిన చోట పెట్టండి.

నాలుగు రకాలతోనూ ఇలా చేయండి. అన్నింటికీ ఒకే చోట గీత పడుతుంటే లోపం తూటాలో లేదు, మ్యాగజైన్ పెదవుల్లోనో చాంబర్ అంచులోనో ఉంది. అది తుపాకీ మెకానిక్ చూడాల్సిన పని. టెస్టు అక్కడితో ఆపి ముందు అది బాగుచేయించండి.

మెట్టు 2. ఆగకుండా నడుస్తుందో చూడండి. గ్రూపు కంటే ముందు ఇది తేలాలి. 25 మీటర్ల పిస్టల్ ర్యాపిడ్ దశలో టార్గెట్ 3 సెకన్లు మాత్రమే మీ వైపు ఉంటుంది. ర్యాపిడ్ ఫైర్‌లో చివరి సిరీస్‌కు 5 షాట్లకు 4 సెకన్లు. ఎంత చిన్న గ్రూపు ఇచ్చినా మధ్యలో ఇరుక్కునే తూటా అక్కడ పనికిరాదు.

మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి తూటా రిమ్ (కేస్ అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు) కింది తూటా రిమ్‌కు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని ఆగిపోతాయి. ఇది మీ తప్పే అయినా తూటా ఖాతాలో పడుతుంది, కాబట్టి జాగ్రత్తగా నింపండి. టెస్టు మొత్తంలో ఎక్కడ ఆగినా రాసుకోండి: లోపలికి సరిగ్గా వెళ్లలేదా, కేస్ బయటికి రాలేదా, పేలలేదా.

మెట్టు 3. బారెల్‌కు అలవాటు చేయండి. .22 బుల్లెట్ మీదున్న మైనం, జిడ్డు బారెల్ లోపల పల్చటి పొరగా పట్టుకుంటాయి. ఒక్కో కంపెనీ పూత ఒక్కోలా ఉంటుంది. రకం మార్చిన వెంటనే కాల్చిన షాట్లు పాత పొర మీదుగా వెళ్తాయి. అందుకే రకం మార్చిన ప్రతిసారీ 10 షాట్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చండి. టెస్టు చేశామని చెప్పేవాళ్లలో ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే. ఐదు షాట్లకొక రకం మారుస్తూ ఒక గంటలో పది రకాలు చూసేస్తారు. అలా చూసినప్పుడు ప్రతి రకమూ ముందు రకం పొర మీద పరుగెత్తినట్టే.

మెట్టు 4. గ్రూపులు కాల్చండి. ఒక్కో రకానికి 10 షాట్ల గ్రూపులు రెండు. ఇసుక బస్తా మీద మణికట్లు, పిస్టల్ ఫ్రేమ్ ముందు భాగం ఆనించవచ్చు. బారెల్ గానీ స్లైడు గానీ బస్తాకు తగలకూడదు. గ్రిప్ ప్రతిసారీ ఒకే బిగువుతో పట్టుకోండి. సైట్లు మధ్యలో ముట్టుకోవద్దు. గ్రూపు టార్గెట్‌లో ఏ మూల పడినా ఇప్పుడు ముఖ్యం కాదు, ఎంత దగ్గరగా పడిందన్నదే కావాలి.

స్లైడు చేత్తో వదిలి ఎక్కించిన మొదటి తూటా, దానంతటదే ఎక్కిన మిగతా తూటాలు కొన్ని పిస్టళ్లలో వేర్వేరు చోట్ల పడతాయి. అందుకే ప్రతి మ్యాగజైన్ మొదటి షాట్ ఎక్కడ పడిందో కాగితం మీద చిన్న గుర్తు పెట్టండి. మొదటి షాట్ ప్రతిసారీ ఒకే వైపు తప్పుకుంటుంటే ఆ సంగతి మ్యాచ్‌కు ముందే తెలుసుకోవడం పెద్ద లాభం.

మీ చేతి వల్ల తప్పిందని ట్రిగ్గర్ నొక్కుతుండగానే తెలిసిన షాట్‌ను, కాగితం చూడకముందే "నాది" అని నోట్‌బుక్‌లో రాయండి. కాగితం చూశాక రాస్తే మనసు ఎప్పుడూ నచ్చిన రకం వైపే మొగ్గుతుంది.

మెట్టు 5. రెండో రోజు వరుస తిరగేయండి. మొదటి రోజు అ, ఆ, ఇ, ఈ అనే వరుసలో కాల్చితే, రెండో రోజు ఈ, ఇ, ఆ, అ. చివర్లో కాల్చిన రకానికి అలసిన చేయి, అలసిన కళ్లు దొరుకుతాయి. వరుస మారిస్తే ఆ అన్యాయం సర్దుకుంటుంది. రెండు రోజులకూ కలిపి ఒక్కో రకానికి నాలుగు గ్రూపులు, 40 లెక్కపెట్టే షాట్లు వస్తాయి.

టెస్టు మధ్యలో ఎప్పుడైనా ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే, బారెల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. చప్పుడు మామూలు కంటే మెత్తగా వచ్చి కాగితం మీద రంధ్రం కనబడకపోతే వెంటనే ఆపేయండి. బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. పిస్టల్ ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్ సమక్షంలో బారెల్ చూసేదాకా మరో షాట్ కాల్చకూడదు.

## 6. కొలిచి, తేల్చడం

గ్రూపులో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి 5.6 మి.మీ. తీసేయండి. అదే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం. నాలుగు గ్రూపుల సగటు తీయండి. అన్నిటికంటే చిన్న గ్రూపును పట్టుకుని మురిసిపోవద్దు.

నేను ఒకసారి ఒకే ఒక్క 5 షాట్ల గ్రూపు చూసి పది పెట్టెలు కొన్నాను. ఆ గ్రూపు 14 మి.మీ. వచ్చింది, ఒక నాణెం కింద దాగేంత. ఇంటికి తెచ్చుకున్న పెట్టెల్లోంచి తర్వాతి వారం కాల్చిన గ్రూపులు 24, 29, 21. తూటాలో మోసమేమీ లేదు, లాట్ కూడా అదే. నాకు దొరికింది అదృష్టం, దాన్ని నాణ్యత అనుకున్నాను. ఒకే తూటా, ఒకే బారెల్, ఒకే చేయి అయినా 5 షాట్ల గ్రూపులు సగటుకు అటూ ఇటూ నాలుగో వంతు మేర ఊగడం మామూలే. 10 షాట్లవి కాస్త తక్కువ ఊగుతాయి.

కాబట్టి ఈ కొలతలు పెట్టుకోండి:

- రెండు రకాల సగటుల మధ్య తేడా నాలుగో వంతు కంటే తక్కువైతే రెండూ సమానమే అనుకోండి. 22, 25 వస్తే అది తేడా కాదు. 20, 32 వస్తే అది నిజమైన తేడా.
- 10 షాట్ల గ్రూపును 5 షాట్ల గ్రూపుతో పోల్చవద్దు. షాట్లు పెరిగే కొద్దీ గ్రూపు పెరుగుతుంది. 10 షాట్లది 5 షాట్లదాని కంటే సగటున దాదాపు 1.25 రెట్లు ఉంటుంది.
- సమానమైన వాటిలో ముందు ఒక్కసారి కూడా ఆగనిది, తర్వాత చేతిలో తక్కువ కుదిపేది, ఆ తర్వాత సులువుగా దొరికేది ఎంచుకోండి.
- 25 మీటర్ల దగ్గర 10 షాట్ల సగటు 25 మి.మీ. లోపు ఉంటే, ఇంకా వెతకడం ఆపేయండి. ఇది 10 వలయంలో సగం. మిగతా సగం మీ చేతికి వదిలినట్టు.

రంధ్రాల ఆకారం కూడా చూడండి. గుండ్రంగా, చుట్టూ ఒకేలా నల్లటి అంచుతో ఉండాలి. కోలగా, తాళం కప్ప రంధ్రంలా ఉంటే బుల్లెట్ పల్టీలు కొడుతూ వచ్చిందని అర్థం. బారెల్‌లో సీసం పేరుకున్నా, రైఫ్లింగ్ (బారెల్ లోపలి మెలి గాడులు) అరిగినా, బారెల్ మూతి దెబ్బతిన్నా ఇలా అవుతుంది. వేరే తూటాలతోనూ అలాగే పడితే బారెల్‌ను చూపించండి.

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ గురించి చాలామంది అడుగుతుంటారు. 25 మీటర్లకు అది లేకపోయినా నష్టం లేదు. 290 మీ/సె వేగంతో వెళ్లే బుల్లెట్ 25 మీటర్లలో దాదాపు 36 మి.మీ. కిందికి దిగుతుంది. 280 మీ/సె అయితే 39. అంటే 10 మీ/సె తేడాకు నిలువు తేడా 3 మి.మీ. లోపే. 50 మీటర్లకు అదే తేడా దాదాపు 11 మి.మీ. అవుతుంది, అక్కడ పట్టించుకోవాలి. తూటాలను తూకం వేసి, రిమ్ మందం కొలిచి వేరు చేసే పని కూడా 25 మీటర్ల పిస్టల్‌కు అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ గంట డ్రై ఫైరింగ్‌కు, అంటే తూటా లేకుండా గురిచూసి ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీసుకు, ఇవ్వండి. .22లో ఖాళీ చాంబర్ మీద సుత్తి పడితే చాంబర్ అంచు దెబ్బతింటుంది కాబట్టి డమ్మీ ప్లగ్ పెట్టి చేయండి.

## 7. ఎయిర్ పిస్టల్ పెల్లెట్లకు

10 మీటర్ల టార్గెట్‌లో 10 వలయం 11.5 మి.మీ. పెల్లెట్ 4.5 మి.మీ. అంచు తాకినా 10 వస్తుంది కాబట్టి పెల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. లోపు ఉంటే చాలు. మ్యాచ్ ఎయిర్ పిస్టల్‌కు నప్పే పెల్లెట్ దొరికితే, బిగించి కాల్చిన 5 షాట్లు కలిసి ఒకే రంధ్రంలా కనిపిస్తాయి.

ముక్కు చదునుగా ఉన్న వాడ్‌కట్టర్ రకమే తీసుకోండి. అది కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది. పిస్టల్‌కు 0.45 నుంచి 0.50 గ్రాముల తేలిక పెల్లెట్లు వాడతారు. 0.53 గ్రాములవి రైఫిల్‌కు ఎక్కువ. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 మ్యాచ్ ఈ రెండు బరువుల్లోనూ వస్తుంది, కాబట్టి డబ్బా మీద బరువు చదివి తీసుకోండి. కొన్ని పిస్టళ్లకు రైఫిల్ పెల్లెటే బాగా పడుతుంది. టెస్టులో ఒకటి పెట్టి చూడటంలో తప్పు లేదు.

తర్వాత హెడ్ సైజు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని రాసి ఉంటుంది. మీ బారెల్‌కు ఏది నప్పుతుందో అంకె చూసి చెప్పలేం. ఒకే పెల్లెట్‌ను రెండు మూడు హెడ్ సైజుల్లో తెచ్చి, 10 షాట్ల గ్రూపులు నాలుగేసి కాల్చండి. గ్యాస్ సిలిండర్‌ను గానీ బారెల్‌ను గానీ బిగించవద్దు, దేనికీ ఆనించవద్దు.

పెల్లెట్ వెనక అంచు చాలా పల్చన. డబ్బా కింద పడితే చాలు, నొక్కుకుపోతుంది. మ్యాచ్‌కు వాడేవాటిని ఒక్కొక్కటిగా తెల్లకాగితం మీద నిలబెట్టి, పక్కనుంచి దీపం వేసి చూడండి. అంచు గుండ్రంగా ఉంటే నీడ కూడా సాఫీగా ఉంటుంది. నొక్కు ఉంటే అక్కడ వెలుతురు గీతలా లోపలికి జారుతుంది. అలాంటివి ప్రాక్టీసు డబ్బాలో వేయండి. తూకం కంటే ఈ పరీక్షే నాకు ఎక్కువ పనికొచ్చింది.

## 8. సెంటర్‌ఫైర్‌కు క్లుప్తంగా

ఐఎస్‌ఎస్‌ఎఫ్ సెంటర్‌ఫైర్‌కు క్యాలిబర్ 7.62 నుంచి 9.65 మి.మీ. మధ్య ఉండాలి. ఎక్కువమంది వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కట్టర్. .38 స్పెషల్‌లో 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ ప్రసిద్ధం.

వెనక బోలుగా ఉన్న వాడ్‌కట్టర్‌లో ఒక సౌకర్యం ఉంది. మందు ఒత్తిడికి ఆ పల్చటి అంచు విచ్చుకుని బారెల్ గాడులను మూసేస్తుంది. బారెల్ కొలత కంటే బుల్లెట్ సన్నగా ఉంటే వేడి గ్యాసు పక్కనుంచి జారి సీసాన్ని కోస్తుంది, బారెల్‌లో సీసం పేరుకుంటుంది, గ్రూపు చెదిరిపోతుంది. కేస్ నోటితో సమంగా కూర్చుని ఉన్న బుల్లెట్లే తీసుకోండి. మ్యాచ్ సెమీ ఆటోమేటిక్‌ల మ్యాగజైన్ ఆ పొడవుకే కట్టి ఉంటుంది. టెస్టు పద్ధతి .22కు చెప్పిందే.

## 9. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, చేయాల్సినవి

- గ్రూపు నిలువుగా సాగింది. 25 మీటర్లకు వేగం తేడా కారణమయ్యే అవకాశం తక్కువ. ముందు గ్రిప్ బిగువు, మణికట్టు, బస్తా మీద ఆనిన చోటు చూడండి.
- తొమ్మిది షాట్లు దగ్గరగా, ఒకటి దూరంగా. అది మొదటి షాటా, "నాది" అని రాసినదా చూడండి. రెండూ కాకుండా నాలుగు గ్రూపుల్లోనూ అలాగే జరిగితే ఆ లాట్ వదిలేయండి. అదాటుగా ఎగిరిపోయే షాట్ కంటే కాస్త పెద్ద గ్రూపు నయం.
- స్లైడు పూర్తిగా వెనక్కి రావడం లేదు. ముందు శుభ్రం చేసి, నూనె వేసి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ తూటా మీ స్ప్రింగుకు మెత్తనైపోయింది. స్ప్రింగు మార్చడం కంటే తూటా మార్చడం మంచిది.
- ఒకటి రెండు పేలలేదు. కేస్ రిమ్ మీద పిన్ను గుర్తు చూడండి. గుర్తు లోతుగా ఉంటే లోపం తూటాది. పల్చగా ఉంటే ఫైరింగ్ పిన్ను, స్ప్రింగు, లేదా చాంబర్‌లోని మురికి.
- కొన్న కొత్తలో బాగుండి, నెల తర్వాత చెదిరింది. లాట్ నంబర్ పోల్చండి. అదే అయితే బారెల్ శుభ్రం చేసి, 20 షాట్లు వదిలి మళ్లీ చూడండి.
- ప్రతి వారం రకం మార్చాలనిపిస్తోంది. ఒక చెడ్డ సిరీస్ తర్వాత వచ్చే టెన్షన్‌లో ఇది అందరికీ వస్తుంది. నోట్‌బుక్ తీసి నాలుగు గ్రూపుల సగటు చదవండి. ఆ అంకె మారలేదు కదా.

## 10. కొనడం, దాచడం, మ్యాచ్‌కు తీసుకెళ్లడం

- టెస్టు తేలిన వెంటనే, అదే లాట్ నంబర్‌లో సీజన్‌కు సరిపడా, మీ లైసెన్సు అనుమతించినంత తీసుకోండి. ఆలస్యం చేస్తే ఆ లాట్ అయిపోతుంది.
- పొడిగా, చల్లగా, తాళం వేసిన చోట, పిస్టల్‌కు వేరుగా ఉంచండి. ఎండలో ఆపిన కారులో వదలవద్దు. మైనం కరిగి ఒకవైపు చేరుతుంది.
- తూటాలను బల్ల మీద గుమ్మరించవద్దు. జిడ్డుకు ఇసుక రేణువు అంటుకుంటే అది నేరుగా బారెల్‌లోకి వెళ్తుంది. పెట్టెలోంచి మ్యాగజైన్‌లోకే.
- ప్రాక్టీసుకు వేరే తూటా వాడుతుంటే, మ్యాచ్‌కు వారం ముందే మ్యాచ్ తూటాకు మారి సైట్లు సరిచూసుకోండి. రెండింటి గ్రూపులూ ఒకే చోట పడవు.
- శుభ్రం చేసిన బారెల్‌తో మ్యాచ్‌కు వెళ్లవద్దు. శుభ్రం చేశాక కనీసం 20 షాట్లు కాల్చి ఉండాలి.
- కాల్చిన ప్రతిసారీ సబ్బుతో, చల్లటి నీళ్లతో చేతులు, ముఖం కడుక్కున్నాకే ఏదైనా తినండి, తాగండి. ఇది సీసం.

లాట్ అయిపోవస్తున్నప్పుడు చివరి రెండు పెట్టెలు కాల్చేయకుండా పక్కన పెట్టండి. కొత్త లాట్ రాగానే ఒకే రోజు, అదే బస్తా మీద, పాతదానితో పక్కపక్కన నాలుగేసి గ్రూపులు కాల్చి, పాత నోట్‌బుక్ పేజీ ఎదురుగానే కొత్త అంకెలు రాసుకోండి.